సందూకులో సీలన్: మన కాగితాల వాసనకూ ఒక తారీఖ్ ఉంది

మన ఇళ్లల్లో సోఫా లేని ఇల్లు ఉంటుంది, ఫ్రిజ్ లేని ఇల్లు ఉంటుంది, సందూకు లేని ఇల్లు మాత్రం కనపడదు. మంచం కిందో, అటక మీదో ఒక ఇనుప పెట్టె. అందులో దాదాజాన్ నిఖానామా, జమీన్ కాగితాలు, గల్ఫ్ నుంచి చాచా రాసిన ఖత్‌లు, ఎవరి షాదీలోనో చదివి రంగు కాగితం మీద అచ్చేయించిన సెహ్రా, ఎప్పుడో గోడ మీంచి దించేసిన బిస్మిల్లా తుగ్రా. వానలు పోయాక మూత తీస్తే ఒక వాసన ముఖం మీద కొడుతుంది. అమ్మీవాళ్లు దాన్ని సీలన్ అంటారు. తెలుగులో ముక్క వాసన.

ఆ వాసనకు మనం చేసే ఇలాజ్‌లు మూడు. నాలుగు కలరా ఉండలు పడేయడం ఒకటి. దూదికి అత్తరు అద్ది పెట్టడం రెండోది. మూడోది అన్నిటికన్నా సులువు, చెత్తబండికి వేసేయడం. "ఈ కంపు కాగితాలు ఎవరికి కావాలి? ఉర్దూ చదివేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు?" అనే మాట ఎన్ని ఇళ్లల్లో విన్నానో! 2019 చివర్లో పౌరసత్వం గురించి దేశమంతా గొడవ లేచినప్పుడు మాత్రం అవే సందూకులు అర్ధరాత్రి తెరుచుకున్నాయి. తాత పేరున్న ఒక్క కాగితం కోసం కుటుంబాలు కుటుంబాలు వెతుక్కున్నాయి. దొరికినవాళ్లున్నారు. ముట్టుకుంటే పొడైపోయిన కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

సీలన్ వాసన కాగితం చేసే షికాయత్. లోపల నమీ చేరింది, గాలి ఆడటం లేదు, నన్ను చూసుకో అంటోంది. మన బుజుర్గులు ఆ షికాయత్‌ను ఎలా విన్నారో, ఏది సరిగ్గా చేశారో, ఏది పొరపాటో తెలుసుకుంటే సందూకును ఎలా చూసుకోవాలో అర్థమవుతుంది. అందుకే ఈ తారీఖ్.

ముందు వాసన సంగతి. పాత కాగితానికి రెండు రకాల వాసనలుంటాయి. ఒకటి వయసు వాసన. కాగితంలోని పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా విరిగిపోతుంటే కొంచెం తియ్యగా, కొంచెం వగరుగా వచ్చేది. దాన్ని పోగొట్టాల్సిన జరూరత్ లేదు, పోదు కూడా. రెండోది బూజు వాసన. గాలిలో చెమ్మ 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే కంటికి కనపడని బూజు గింజలు మేలుకుంటాయి. అవి కాగితాన్ని తింటూ వదిలే ఆవిరే మన ముక్కుకు తగిలే సీలన్. ఇలాంటి వాసనల్లో జియోస్మిన్ అనే పదార్థం ఒకటి. తొలకరి చినుకులు పడగానే నేల నుంచి లేచే ఖుష్బూలో ఉండేదీ అదే. కనౌజ్ అత్తరువాళ్లు కాల్చిన మట్టిని బట్టీ పట్టి, గంధపు నూనెలోకి దింపి మట్టి అత్తరు చేస్తారు. నేల మీదైతే రహ్మత్ అనిపించే వాసన పెట్టెలో మాత్రం ఖతరా. కాబట్టి ముక్కును నమ్మండి. తియ్యటి పాత వాసనకు భయపడొద్దు. తడి మట్టి వాసన, తడి గోనెసంచి వాసన వస్తే ఆ వారమే పెట్టె తెరవండి.

మరి బూజు కాగితాన్నే ఎందుకు పడుతుంది? దానికి జవాబు కాగితం పుట్టుకలో ఉంది.

కాగితం చైనాలో పుట్టి సమర్‌ఖంద్ మీదుగా ముస్లిం ప్రపంచంలోకి వచ్చింది. 751లో తలాస్ యుద్ధంలో పట్టుబడ్డ చైనా ఖైదీలు నేర్పారన్నది అందరూ చెప్పుకునే కిస్సా. మధ్య ఆసియాలో అంతకుముందే కాగితం వాడకం ఉందని నేటి చరిత్రకారులు అంటారు. ఎనిమిదో శతాబ్దం ముగిసేసరికి బగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. తర్వాతి శతాబ్దంలో అక్కడి వర్రాఖుల బజారులో, అంటే కాగితం అమ్మి, కితాబులకు నకళ్లు రాసి ఇచ్చేవాళ్ల బజారులో, వందకు పైగా దుకాణాలున్నాయని యాకూబీ రాశాడు. పదో శతాబ్దంలో అల్ ఫిహ్రిస్త్ అనే గొప్ప గ్రంథసూచి రాసిన ఇబ్న్ నదీమ్ కూడా వర్రాఖే.

దక్కన్‌కు కాగితం హునర్ ఎలా వచ్చిందో చెప్పే రివాయత్ ఒకటుంది. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చాడు. ఆ కాఫిలాతో వచ్చిన కాగజీలే దౌలతాబాద్, ఖుల్దాబాద్‌ల మధ్య కాగజీపురాలో స్థిరపడ్డారని అక్కడివాళ్లు చెబుతారు. ఔరంగాబాద్ ఇలాఖాలోని ఆ ఊరు నిన్నమొన్నటిదాకా నిజాం రాజ్యంలోనిదే. తెలుగు నోట్లో ఆడే కాగితం, దస్తావేజు, నకలు, రసీదు, దఫ్తరు అన్నీ ఫార్సీ, అరబీల దారిలో వచ్చిన మాటలే. వస్తువుతో పాటు దాని పేరూ ఇక్కడే సంసారం పెట్టుకుంది.

ఆ కాగితం చెట్టు గుజ్జుది కాదు. పాత జనుము తాళ్లు, చింకి గుడ్డలు నానబెట్టి, దంచి, సున్నంతో శుభ్రం చేసి తీసినది. ఆరిన కాగితానికి గంజి పూసేవారు. ఆ గంజి పూతను ఫార్సీలో ఆహార్ అంటారు. తర్వాత నున్నటి రాయితో రుద్ది మెరుపు తెచ్చేవారు. కలం జారడానికి, సియాహీ పీల్చుకుపోకుండా ఉండటానికి ఇదంతా. బూజుకు మాత్రం ఆ ఆహార్ నిజంగానే ఆహారం. గంజి, కొంచెం నమీ, చీకటి ఈ మూడూ ఉంటే బూజుకు దావత్ ఇచ్చినట్లే.

మన ఉస్తాదులకు ఇది బాగా తెలుసు. తుగ్రాలకూ, చిత్రాలకూ వాడే గట్టి అట్టను వస్లీ అంటారు. వస్ల్ అంటే కలయిక. కాగితాలను ఒకదాని మీద ఒకటి మైదా లేయీతో అంటించి చేసేది కాబట్టి ఆ పేరు. ఆ లేయీలో నీలా థోథా కలిపేవారు. మన కిరాణా కొట్లో దొరికే మైలుతుత్తమే అది. రైతు ద్రాక్షతోటలో బూజు తెగులుకు సున్నంతో కలిపి కొట్టే మందును కాగితం ఉస్తాదు జిగురులోనే కలిపేశాడు. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్‌లో మబ్బుల్లాంటి రంగులతో అబ్రీ కాగితం మీద చిత్రాలు చేశారు. అవి నేటికీ ప్రపంచంలోని మ్యూజియమ్‌లలో ఉన్నాయంటే వెనకాల ఇలాంటి మెహనత్ ఉంది.

ఇక ఇళ్లల్లో చేసిన ఇలాజ్‌లు. పాత అరబీ, ఫార్సీ చేతిరాత కితాబుల మొదటి పుటలోనో చివర్లోనో "యా కబీకజ్" అని రాసి ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది. కబీకజ్ అసలు ఒక విషపు మొక్క పేరు. ఆ ఆకుకు పురుగు రాదని నమ్మేవారు. కాలం గడిచేకొద్దీ ఆకు మాయమై పేరు మిగిలింది. ఆ పేరు పురుగుల బాద్‌షాదని, రాసి పెడితే తమ బాద్‌షా మీద అదబ్‌తో బొద్దింకలు కితాబును ముట్టవని హిందుస్తాన్‌లో అనుకునేవారట. స్టైన్‌గాస్ తన ఫార్సీ నిఘంటువులో ఈ సంగతి రాశాడు. నాకు ఇందులో నవ్వుతో పాటు ఒక సబఖ్ కూడా కనిపిస్తుంది. దవా పోయి దాని పేరు మాత్రమే మిగిలితే పురుగుకు ఏం తెలుస్తుంది? ఒంటెను కట్టాకే తవక్కుల్ చేయమన్న హదీస్ మనకు తెలిసిందే. పెట్టెను పొడిగా ఉంచడం ఒంటెను కట్టడం లాంటిది.

జుమ్మేరాత్ సాయంత్రం మనం వేసే లోబాన్ కథ ఇంకా తమాషా. అరబ్బు వర్తకులు ఆగ్నేయాసియా నుంచి తెచ్చిన ఈ బంకను లుబాన్ జావీ, అంటే జావా సాంబ్రాణి, అన్నారు. ఆ మాటే యూరప్‌వాళ్ల నోళ్లలో అరిగి బెంజోయిన్ అయింది. దాని నుంచి తీసిన ఆమ్లానికి బెంజోయిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. దాని లవణమే నేడు షర్బత్ సీసా మీద సోడియం బెంజోయేట్ అని కనిపిస్తుంది, బూజు పట్టకుండా వేసేది. అంటే లోబాన్‌లో బూజును ఆపే గుణం ఉన్నమాట వాస్తవమే. కానీ పొగ వేసినప్పుడు మసి, జిడ్డు కూడా కాగితం మీద కూర్చుంటాయి. గదికి లోబాన్ పట్టండి, సందూకులోకి మాత్రం పొగ పెట్టొద్దు.

మా కర్నూలువాళ్లకు దగ్గరి కథ కూడా ఒకటుంది. మా మార్కెట్ యార్డుకు వచ్చే వాములో థైమాల్ అనే సత్తు ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో దఫ్తర్‌ఖానాల్లో బూజు పట్టిన కాగితాలకు ఇదే పెద్ద దవా. మూసిన బీరువాలో జాలీల మీద కాగితాలు పరిచి, అడుగున ఒక గిన్నెలో థైమాల్ పలుకులు పెట్టి, చిన్న బల్బు వేడితో ఆవిరి పట్టించేవారు. వాసన తగ్గేది, బూజు ఆగేది. అయితే ఆ ఆవిరి పనిచేసేవాళ్ల కళ్లకు, ఊపిరికి పడేది కాదు, కొన్ని రంగులనూ పాడుచేసేది. బయట చెమ్మ అలాగే ఉంటే నాలుగు రోజుల్లో బూజు మళ్లీ వచ్చేది. చివరికి చాలా దేశాల దఫ్తర్‌ఖానాలు దాన్ని మానేసి ఒకే మాట మీదికి వచ్చాయి: బూజును చంపే దవా వెతకడం కన్నా నమీని రానివ్వకపోవడం మేలు.

ఆ మాట పాత దఫ్తర్ల మున్షీలకు ముందే తెలుసు. వాళ్లు కాగితాలను ముతక గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి ఉంచేవారు. బస్తా అన్న మాటకు ఫార్సీలో అర్థం కట్టినది అని. మనం బియ్యం బస్తా అంటున్నదీ ఆ మాటే. గుడ్డ దుమ్మును ఆపుతుంది, గాలిని ఆపదు. ఖురాన్ షరీఫ్‌కు మనం తొడిగే జుజ్దాన్‌లో ఉన్న హిక్మత్ కూడా అదే. అదబ్‌కు అదబ్, హిఫాజత్‌కు హిఫాజత్. తాక్ నేలకు ఎత్తులో ఉంటుంది, అక్కడికి చెమ్మ ఎక్కదు. రోజూ తీసి తిలావత్ చేసే ముస్హఫ్‌కు సీలన్ పట్టడం మీరు చూశారా? తెరిచే కితాబుకు గాలి తగులుతూనే ఉంటుంది.

కథ చెడింది ఎక్కడంటే కాగితం మారినచోట, పెట్టె మారినచోట. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు కాగితం వచ్చింది. చెట్టు గుజ్జు, పటిక కలిసి అందులో ఆమ్లం పుట్టి, కాగితం తనను తానే తినేయడం మొదలుపెట్టింది. 1938లో మొదలైన సిర్పూర్ కాగితం మిల్లు వల్ల కాగజ్‌నగర్ అనే ఊరే వెలిసింది. మిల్లుల పుణ్యమా అని కాగితం అందరికీ అందింది, బీదవాళ్ల పిల్లలూ నోటుబుక్కు కొనుక్కోగలిగారు. అది చిన్న నేమత్ కాదు. కానీ మూడొందల ఏళ్ల నాటి జనుము కాగితం మెత్తగా మడత పడుతుంటే, మన తాతల కాలపు అఖ్బారు అప్పడంలా విరుగుతుంది. గుడ్డ బస్తా పోయి ఇనుప ట్రంకు వచ్చింది. రాత్రి చల్లబడితే ఇనుము లోపల చెమ్మ బిందువులు కడుతుంది. ట్రంకు తర్వాత ప్లాస్టిక్ కవరు వచ్చింది, ఆ తర్వాత లామినేషన్. ఒకసారి నమీ లోపల చిక్కితే బయటికి దారి లేదు. వేడితో అంటించిన ప్లాస్టిక్‌ను తర్వాత కాగితం చెడకుండా ఊడదీయడం దాదాపు అసాధ్యం.

నమీ వరదై వచ్చిన రోజులూ ఉన్నాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. 1966 నవంబర్ 4న ఇటలీలో ఆర్నో నది ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలోకి దూరి లక్షల కితాబులను బురదలో కలిపింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నౌజవానులు చేతికి చేయి అందించుకుంటూ వాటిని పైకి తెచ్చారు. పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో కూడా కితాబులు ఆరబెట్టారు. తడిసిన కాగితానికి రెండు రోజులే మోహలత్, ఆ తర్వాత బూజు దిగుతుందన్న సంగతిని ప్రపంచం అక్కడ గట్టిగా నేర్చుకుంది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మా కర్నూలులోకి వచ్చాయి. నీళ్లు తీశాక వీధుల్లో పరుపులు, బియ్యంతో పాటు కాగితాల కుప్పలు చూశాను. పిల్లల సర్టిఫికెట్లు దండేల మీద ఆరేసుకున్నారు. ఉర్దూ కాగితాలు మాత్రం కుప్పలోనే ఉండిపోయాయి. వాటిలో ఏముందో చెప్పేవాళ్లు ఆ సమయానికి పక్కన లేరు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ మునిగినప్పుడు ఫలక్‌నుమా వైపు ఇళ్ల ముందూ అలాంటి కుప్పలే. ఖాందాన్ తారీఖ్ అంతా మున్సిపాలిటీ బండి ఎక్కడానికి ఒక్క పూట చాలు.

ఇంత తారీఖ్ చెప్పుకున్నాక సందూకు దగ్గరికి వద్దాం. పొడి ఎండ ఉన్న రోజు చూసి, వరండాలోనో మేడ మీద నీడలోనో పెట్టె తెరవండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలి. కాగితాలను ఒక్కొక్కటిగా నీడలో, మెల్లటి గాలికి పరవండి. నేరుగా ఎండ వద్దు, రంగు పోతుంది, కాగితం పెళుసవుతుంది. బూజు పూర్తిగా ఆరి పొడిగా అయ్యాక మెత్తటి కుంచెతో బయటివైపుకు దులపండి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే కాగితంలోకి ఇంకుతుంది.

తుగ్రాను తడిగుడ్డతో అసలు తుడవొద్దు. మన కాతిబ్‌ల పాత రోష్నాయీ దీపపు మసి, తుమ్మ జాతి బంకల కలయిక. తఖ్తీ మీద రాసి నీళ్లతో కడిగి మళ్లీ రాసుకున్నది ఆ సియాహీతోనే కదా. నీటిచుక్క పడితే హర్ఫ్ కరిగిపోతుంది.

వాసన ఇంకా పోకపోతే మూత ఉన్న పెద్ద డబ్బా తీసుకోండి. అడుగున గిన్నెలో వంటసోడానో, పొడి బొగ్గు ముక్కలో పెట్టండి. దాని పైన జాలీ మీద కాగితాలు ఉంచండి, పొడి కాగితానికి తగలకూడదు. మూత పెట్టి వారం పదిరోజులు వదిలేయండి. సోడా మార్చి మళ్లీ పెట్టొచ్చు. అత్తరు చల్లొద్దు, నూనె మరక ఎప్పటికీ పోదు. కలరా ఉండలు పురుగును తరుముతాయేమో గానీ బూజును ఆపవు, ఒక వాసన మీద ఇంకో వాసన కప్పుతాయి. పైగా జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ ఉండల గాలి రక్తకణాలను విరిచేంత ప్రమాదం. పిల్లల బట్టలున్న బీరువాలో అసలే వద్దు.

తిరిగి సర్దేటప్పుడు ఉతికి ఆరేసిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి. సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. పెట్టెను నేల మీద, బయటి గోడకు ఆనించి పెట్టొద్దు. ఫ్రేము కట్టిన తుగ్రాకు అద్దం నేరుగా తగలకుండా మధ్యలో సందు ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి తెరవండి. ఒకవేళ కాగితాలు తడిసిపోతే ఆ రోజే తెల్లకాగితాల మధ్య పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే కొన్నిటిని కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

చిరిగిపోయిన ముస్హఫ్ పుటలను అదబ్‌తో దఫన్ చేయడం మనకు తెలుసు. దానికి ముందు ఆ పుటల మధ్య ఇంకేమైనా ఉందేమో చూడండి. పిల్లల పుట్టిన తేదీలు, పెద్దల వఫాత్ తేదీలు కితాబు చివరి తెల్లపుటలో రాసి ఉంచడం మన ఖాందాన్లలో పాత ఆదత్. 1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదు మరమ్మతుల్లో పైకప్పు దగ్గర పాత పుటల గుట్ట దొరికింది. తోలు మీద రాసిన ఎంతో పురాతనమైన ఖురాన్ పుటలు అందులో ఉన్నాయి. పనికిరావని ఎవరూ బయట పారేయలేదు, ఎత్తైన చోట పొడిగా దాచారు. అందుకే వెయ్యేళ్లు దాటాక కూడా చదవగలుగుతున్నారు.

కాగితం అమానత్. రాసినవాళ్లు మనకోసం రాసి ఉండకపోవచ్చు, దాచింది మాత్రం మనకోసమే. ఈ వానలు పోయాక సందూకు తెరిచినప్పుడు ముక్కు మూసుకుని మూత వేయకండి. మొహల్లాలో ఉర్దూ చదవగలిగిన ఏ హజ్రత్‌నో, ఏ ఖాలానో పిలిచి చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి. ఒక్కో కాగితం చదివించండి, ఫోనుతో ఫోటో తీయండి, అదేమిటో తెలుగులో వేరే చీటీ మీద రాసి పక్కన పెట్టండి. సీలన్ నాలుగు రోజుల్లో పోతుంది. చదివి చెప్పే ఆ పెద్దలు మాత్రం ప్రతి ఏడాదీ కొందరు తగ్గిపోతున్నారు.